మార్కులు అడగని అమ్మ



స్కూలు బస్సు దిగిన పిల్లల్ని మీరు మొదట ఏం అడుగుతారు? వీక్లీ టెస్టులో ఎన్ని వచ్చాయనే కదా! వందేళ్లకు పైగా అయింది, న్యూయార్క్‌లో ఒక అమ్మ మాత్రం ఆ ఊసే ఎత్తేది కాదు. కొడుకు క్లాసులో మంచి ప్రశ్న ఏదైనా వేశాడా లేదా అని ఆరా తీసేది. ఆ అబ్బాయే ఇసిడోర్ ఐజాక్ రాబీ. తాను శాస్త్రవేత్త కావడానికి అమ్మ పెట్టిన ఆ అలవాటే కారణమని ఆయన పెద్దయ్యాక చెప్పుకునేవారు.

రాబీ 1898లో, నేటి పోలండ్‌లోని రిమనూవ్‌లో పుట్టారు. పసివాడిగా ఉండగానే కుటుంబం అమెరికా చేరింది. కలిగిన కుటుంబం కాదు. తండ్రి బట్టలు కుట్టారు, తర్వాత చిన్న కిరాణా కొట్టు నడిపారు. రాబీ కార్నెల్ యూనివర్సిటీలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్‌లో చేరి, మధ్యలో కెమిస్ట్రీకి మారి, 1919లో డిగ్రీ పూర్తి చేశారు. ఆ తర్వాత దాదాపు మూడేళ్లు ఏ పనిలోనూ కుదురుకోలేదు. మన ఇళ్లలో అయితే చుట్టాలు ఏమనేవారో మీకు చెప్పనక్కర్లేదు! చివరికి తన మనసు ఫిజిక్స్‌లో ఉందని తెలుసుకుని, 1927లో కొలంబియా యూనివర్సిటీ నుంచి పీహెచ్‌డీ పొందారు.

పరమాణు కేంద్రకం చిన్న అయస్కాంతంలా ఉంటుంది. దాని బలాన్ని కచ్చితంగా కొలవడం ఎలా? ఇదీ రాబీ ప్రశ్న. ఊయలను దాని లయకు తగ్గట్టు తోస్తేనే పైకి లేస్తుంది కదా. అయస్కాంత క్షేత్రంలో ఉన్న కేంద్రకం కూడా తనకు సరిపడే రేడియో తరంగానికే స్పందిస్తుందని 1938లో ఆయన బృందం చూపించింది. 1944లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. 1946లో బ్లాక్, పర్సెల్ బృందాలు నీళ్లు, మైనం లాంటి మామూలు పదార్థాల్లోనూ ఇదే చూపాయి. ఎంఆర్ఐ స్కానింగ్‌కు పునాది అదే. చివరి రోజుల్లో రాబీ తానే ఆ యంత్రంలో పడుకున్నారు. తన పని ఇంతదాకా వచ్చిందా అని ఆశ్చర్యపోయారు. 1988లో కన్నుమూశారు.

కథ అక్కడితో ఆగలేదు. మెదడులోని ఒక్కో రసాయనం లయ కొద్దిగా వేరుగా ఉంటుంది. ఆ తేడాను పట్టుకుని, కోత పెట్టకుండానే ఏ రసాయనం ఎక్కడ ఎంత ఉందో పటం గీస్తారు. చిక్కేమిటంటే, నీటితో పోలిస్తే అవి వేల రెట్లు తక్కువ. 7 టెస్లా వంటి బలమైన అయస్కాంతంలో సంకేతం పెరుగుతుంది, లయలు మరింత విడివిడిగా వినిపిస్తాయి. పాత పద్ధతిలో ఒక్కో బిందువు చొప్పున కొలవాలి కాబట్టి చాలాసేపు పట్టేది. వేగవంతమైన కొత్త పద్ధతుల్లో రసాయనం లయనూ, అది ఉన్న చోటునూ ఒకేసారి నమోదు చేసి నిమిషాల్లో ముగిస్తున్నారు. కదలకుండా పడుకోవడం పిల్లలకు ఎంత కష్టమో మీకు తెలియంది కాదు!

మార్కులు ఎలాగూ మీ ఫోనుకు వస్తాయి. పిల్లలు వేసిన ప్రశ్న మాత్రం మీరు అడిగితేనే తెలుస్తుంది. ఈ సాయంత్రం ఒకసారి అడిగి చూడండి.