మార్గరెట్ కజిన్స్ అమ్మగారు



మన కోనసీమ యిండ్లలో గోడమీద తాతల నాటి ఫొటోలు వ్రేలాడుచుండును. వాటిలోని చిన్నబిడ్డలు నవ్వక, బిగుసుకొని యుందురు. విక్టోరియా రాణి కాలమున ఫొటో తీయువేళ కదలినచో ముఖము మసకబారెడిది. ఆడపిల్ల ఫొటోలోనే గాక బ్రతుకంతయు అట్లే కదలక యుండవలెనని పెద్దలనేకులు తలంచిరి. ఆ కాలమున పుట్టియు ఊరకుండనొల్లని యొక బాలికను గూర్చి యీ నెల తలపోయుదము.

మార్గరెట్ గిలెస్పీ 1878 నవంబరు 7న ఐర్లాండులోని బాయిల్ అను చిన్న పట్టణమున, మెథడిస్టు కుటుంబమున జన్మించెను. డబ్లినులో సంగీతము చదివెను. 1903లో జేమ్స్ కజిన్స్‌ను వివాహమాడెను. 1908లో స్నేహితురాండ్రతో కూడి స్త్రీల ఓటు కొరకు సంఘమును స్థాపించెను. 1910లో లండనులో కిటికీలపై రాళ్లు విసరి చెరసాలకు పోయెను. రాళ్లు విసరుటను మేము మెచ్చము. అయినను, నెమ్మదిగా అడిగినప్పుడు వినని పెద్దల తప్పును కూడ మరువరాదు.

1915లో ఆమె మన దేశమునకు వచ్చి, భర్తతో మదనపల్లిలో కాపురముండెను. అప్పటికే ఆమె దివ్యజ్ఞాన సమాజమువారి త్రోవ పట్టెను. ఆ విషయమున మేము ఆమె వెంట పోము. కాని ఆమె చేసిన మేలు మేలే. 1917 డిసెంబరులో సరోజినీ నాయుడుగారు ముందు నడువగా, స్త్రీల బృందము మద్రాసులో మాంటేగు మంత్రిని కలిసి ఓటు హక్కు అడిగెను. ఆ ప్రయత్నమునకు పూనుకొన్నది మార్గరెట్ అమ్మగారే. 1921లో మద్రాసు శాసనసభ అందుకు సమ్మతించెను. అయితే ఆస్తి గలవారికే ఆ ఓటు. కూలి తల్లికి లేదు. 1950లో రాజ్యాంగము అమలులోనికి వచ్చిన పిమ్మటనే, 1951–52 ఎన్నికలలో, బీద స్త్రీయు ఓటు వేసెను. పక్షవాతముతో మంచము పట్టిన అమ్మగారు ఆ దినములను చూచి, 1954లో కన్నుమూసిరి.

సెలోపెహాదు కుమార్తెలు అయిదుగురు మోషే యెదుట నిలిచి తమ స్వాస్థ్యమును అడిగిరి. దేవుడు వారి మాట న్యాయమనెను. నేడు మన తల్లులు కాల్వగట్టు వెంట నడిచి ఓటుకు బారులు తీరుదురు. కాని ఏ గుర్తుకు వేయవలెనో భర్తయో కుమారుడో చెప్పినచో, ఆ ఓటు ఎవరిది? సంఘ కూటములలో చాపమీద మౌనముగా కూర్చున్న సహోదరి తలంపును మనము ఎన్నడైన అడిగితిమా?

ఈ నెల కుటుంబ ప్రార్థనలో సంఖ్యాకాండము 27వ అధ్యాయమును చదువుడి. ఇంటి ఆడపిల్లచేతనే చదివింపుడి.