తొలి బంతికి ఎదురు నిలిచిన జయసింహ

కావ్యానికి నాంది ఎటువంటిదో, టెస్టు క్రికెట్‌లో ఇన్నింగ్స్‌కు ఆరంభం అటువంటిది. ఆరంభం నిలకడగా సాగితే తరువాత వచ్చేవారికి దారి సుగమమవుతుంది. అది తడబడితే జట్టంతా తడబడుతుంది. కనుకనే ఇన్నింగ్స్‌ను ప్రారంభించే ఇద్దరు ఆటగాళ్ళ ఎంపిక ఏనాటికీ తెగని చర్చగా మిగిలిపోయింది. కొత్త బంతిని ఎదుర్కోవడంలోనే ఆరితేరినవారిని ఎన్నుకోవాలా? లేక మధ్యవరుసలో రాణిస్తున్న ప్రతిభావంతులను ముందుకు పంపవచ్చునా? ఈ ప్రశ్నకు రెండు విధాలైన సమాధానాలనూ తన జీవితంలోనే చూపిన హైదరాబాదీ ఎం.ఎల్. జయసింహ.

మోత్గనహళ్ళి లక్ష్మీనర్సు జయసింహ 1939 మార్చి 3న సికింద్రాబాద్‌లో జన్మించారు. బాల్యంలోనే ఆయనకు క్రికెట్ పట్ల అమితమైన ఆసక్తి కలిగింది. పదిహేనేళ్ళ ప్రాయంలో, 1954-55లో, హైదరాబాద్ జట్టు తరఫున రంజీ ట్రోఫీలో అడుగుపెట్టి, ఆంధ్ర జట్టుపై 90 పరుగులు చేసి మూడు వికెట్లు కూడా పడగొట్టారు. సన్నని శరీరం, తీర్చిదిద్దినట్లుండే ఆటతీరు, పైకి మడిచిన చొక్కా కాలరు, మెడలో పట్టు రుమాలు ప్రేక్షకులను ఆకట్టుకునేవి. అయితే ఆ సొగసు వెనుక గొప్ప ఓర్పు ఉన్నదని లోకానికి తెలియడానికి కొంత కాలం పట్టింది.

1959లో ఇంగ్లండ్ పర్యటనకు ఎంపికైన జయసింహ, లార్డ్స్ మైదానంలో తొలి టెస్టు ఆడారు. అందులో ఆయన రాణించలేకపోయారు. తిరిగి అవకాశం 1960 జనవరిలో కలకత్తాలో ఆస్ట్రేలియాపై లభించింది. తొలి ఇన్నింగ్స్‌లో ఆయనను చివరి వరుసలలో బ్యాటింగ్‌కు పంపారు. మొదటిరోజు సాయంత్రం క్రీజులోకి వచ్చిన ఆయన, మరునాడు జట్టు ఆట ముగిసేసరికి 20 పరుగులతో అజేయంగా నిలిచారు. రెండవ ఇన్నింగ్స్‌లో ఆయన స్థానం పైకి జరిగింది. మూడవరోజు చివర వచ్చి, నాలుగవరోజంతా నిలిచి, ఐదవరోజున 74 పరుగుల వద్ద వెనుదిరిగారు. ఈ విధంగా ఒక టెస్టులోని ఐదు రోజులూ బ్యాటింగ్ చేసిన తొలి ఆటగాడిగా ఆయన ప్రపంచ క్రికెట్ చరిత్రకెక్కారు. తరువాతి కాలంలో భారతీయులలో రవిశాస్త్రి 1984-85లోను, చతేశ్వర్ పుజారా 2017లోను అదే ఈడెన్ గార్డెన్స్ మైదానంలో ఈ ఘనత సాధించడం విశేషం.

ఆ ఇన్నింగ్స్ జయసింహ ఓర్పును చాటింది. సరిగ్గా ఆ గుణమే ప్రారంభ బ్యాట్స్‌మన్‌కు అవసరం. కొత్త బంతి గట్టిగా ఉంటుంది, దాని మెరుపు తగ్గదు, కుట్టు అరగదు. అందువల్ల అది గాలిలో వంపు తిరుగుతుంది, పిచ్‌ను తాకి ఎత్తుగా లేస్తుంది. ఫాస్ట్ బౌలర్లు అప్పటికింకా అలసిపోయి ఉండరు. ఆ రోజులలో తలకు హెల్మెట్ కూడా లేదు. పైగా దేశంలో మేటి ఫాస్ట్ బౌలర్లు అరుదు కనుక, అటువంటి బౌలింగ్‌ను ఎదుర్కొనే అభ్యాసం మన ఆటగాళ్ళకు స్వదేశంలో లభించేది కాదు. ఈ కొరత వల్లనే మధ్యమ వేగంతో బంతులు వేసే జయసింహ కొన్ని టెస్టులలో బౌలింగ్‌ను కూడా ప్రారంభించవలసి వచ్చింది.

1960 డిసెంబరులో కాన్పూర్‌లో పాకిస్తాన్‌పై జయసింహ ఎనిమిది గంటలకు పైగా క్రీజులో నిలిచి, శతకానికి ఒక్క పరుగు దూరంలో, 99 వద్ద రనౌటయ్యారు. అంత నెమ్మదైన ఆట చూసేవారికి విసుగు కలిగించవచ్చు. జట్టు అవసరం దృష్ట్యా చూస్తే అది నిగ్రహానికి నిదర్శనం. 1961-62లో ఇంగ్లండ్ జట్టు మనదేశానికి వచ్చినప్పుడు, సారథి నారీ కాంట్రాక్టర్‌కు జోడీగా బరిలో దిగిన జయసింహ ఢిల్లీలో 127 పరుగులు చేశారు. ఆ సిరీస్‌ను భారత్ 2-0తో గెలిచింది. ఇంగ్లండ్‌పై మనకు అదే తొలి సిరీస్ విజయం.

ఆ ఆనందం ఎంతోకాలం నిలువలేదు. 1962 మార్చిలో బార్బడోస్‌లో చార్లీ గ్రిఫిత్ వేసిన బంతి తగిలి కాంట్రాక్టర్ పుర్రెకు తీవ్రమైన గాయమైంది. ఆయన ప్రాణాలు దక్కాయి కాని, మరల టెస్టు ఆడలేదు. ఇన్నింగ్స్‌ను ప్రారంభించడమంటే ప్రాణాన్ని పణంగా పెట్టడమేనని ఆ సంఘటన తెలియజెప్పింది. ఇరవై ఒక్క ఏళ్ళ పటౌడీ సారథ్యం స్వీకరించారు. వెస్టిండీస్‌లో ఆడిన ఐదు టెస్టులనూ భారత్ కోల్పోయింది. స్థిరమైన ప్రారంభ జోడీ కోసం సెలెక్టర్ల అన్వేషణ ఆ దశాబ్దమంతా కొనసాగింది. వికెట్ కీపర్లయిన కుందరన్, ఫరూఖ్ ఇంజనీర్ సైతం ఆ బాధ్యతను మోశారు. జయసింహ 1964లో కలకత్తాలో ఇంగ్లండ్‌పై ఇన్నింగ్స్ ప్రారంభించి 129 పరుగులు చేసినా, ఆ స్థానం ఆయనకు శాశ్వతం కాలేదు.

1967-68 ఆస్ట్రేలియా పర్యటనకు ఎంపికైన జట్టులో జయసింహ పేరు లేదు. పర్యటన మధ్యలో ఆటగాళ్ళు గాయపడగా ఆయనకు పిలుపు వచ్చింది. సుదీర్ఘ విమాన ప్రయాణం చేసి వెళ్ళిన కొద్ది రోజులకే బ్రిస్బేన్ టెస్టు ఆడవలసి వచ్చింది. ఈసారి మధ్యవరుసలో దిగి 74, 101 పరుగులు చేశారు. భారత్ 39 పరుగుల తేడాతో ఓడినప్పటికీ, వద్దనుకున్న ఆటగాడే జట్టును గెలుపు అంచుల దాకా తీసుకువెళ్ళారు. అదే పర్యటనలో సిడ్నీ టెస్టులో మరొక హైదరాబాదీ అబిద్ అలీ ఇన్నింగ్స్ ప్రారంభించి 78, 81 పరుగులు చేయడం గమనార్హం.

జయసింహ 39 టెస్టులలో 2,056 పరుగులు చేశారు. మూడు శతకాలలో రెండు ఇన్నింగ్స్‌ను ప్రారంభించి సాధించినవి. అందరూ నేటికీ తలచుకునే మూడవది మధ్యవరుసలో వచ్చినది. ఆయన సహజ స్థానం ఏదన్న ప్రశ్నకు ఈ లెక్కలలో సమాధానం దొరకదు. తరచుగా స్థానం మారకుండా ఉంటే ఇంకా ఎక్కువ సాధించేవారని కొందరంటారు. ఎక్కడ పంపినా ఆడగలగడమే ఆయన గొప్పతనమని మరికొందరంటారు. రెండు వాదాలలోనూ సత్యమున్నది.

1971లో వెస్టిండీస్ గడ్డపై భారత్ తొలిసారి సిరీస్ గెలిచిన పర్యటనే జయసింహకు చివరిది. అదే సిరీస్‌లో ఇరవై ఒక్క ఏళ్ళ సునీల్ గావస్కర్ 774 పరుగులు చేసి, దశాబ్దకాలపు అన్వేషణకు తెరదించారు. ఆ మహా ఓపెనర్ తన కుమారునికి పెట్టిన పేరులో జయసింహ పేరును కూడా చేర్చుకున్నారు.

జయసింహకు భారత జట్టు సారథ్యం లభించలేదు. కాని దశాబ్దానికి పైగా హైదరాబాద్‌కు నాయకత్వం వహించారు. భారత సారథి అయిన పటౌడీ హైదరాబాద్ జట్టులో ఆయన నాయకత్వాన ఆడారు. ఆయన హయాంలో రంజీ ట్రోఫీ దక్కకపోయినా, ఆయన తీర్చిదిద్దిన క్రీడా సంప్రదాయం నిలిచింది. తదుపరి జాతీయ సెలెక్టరుగా, ఒకప్పుడు తన భవితవ్యాన్ని తేల్చిన పీఠం మీదనే కూర్చుని, ఇతరుల భవితవ్యాన్ని తేల్చే బాధ్యత వహించారు. 1999 జులై 6న సికింద్రాబాద్‌లో కన్నుమూశారు.

ఆ చర్చ ఆయనతో ముగియలేదు. హైదరాబాద్‌కే చెందిన వి.వి.ఎస్. లక్ష్మణ్ 2000 జనవరిలో సిడ్నీలో ఇన్నింగ్స్ ప్రారంభించి 167 పరుగులు చేసినా, ఆ స్థానం తనది కాదని భావించారు. 2001లో ఈడెన్ గార్డెన్స్‌లో మూడవ స్థానంలో వచ్చి 281 పరుగులు చేశారు. మధ్యవరుస ఆటగాడైన వీరేంద్ర సెహ్వాగ్ మాత్రం ప్రారంభ స్థానంలోనే మేటిగా వెలిగారు. కనుక ఒక సూత్రం అందరికీ వర్తించదు. సెలెక్టరు ఆటగాని పరుగులతో పాటు అతని స్వభావాన్ని తెలుసుకోవాలి, ఎన్నుకున్నవానికి తగిన వ్యవధి ఇవ్వాలి. ఆటగాడు తనకు దక్కిన స్థానాన్ని గౌరవించాలి. సికింద్రాబాద్ నుండి గుండ్లపోచంపల్లి, మేడ్చల్ వరకు మైదానాలలో బ్యాటు పట్టే నేటి యువకులకు జయసింహ జీవితం నేర్పే పాఠం ఇదే. కోరిన స్థానం దక్కకపోవచ్చు, దక్కినది నిలువకపోవచ్చు. పిలుపు వచ్చిననాడు సిద్ధంగా ఉండటం మాత్రం మన చేతిలోని పని.