విద్యాఋణము తీర్చిన విదుషి – లూసీ స్లో

పరుల సాయముతో చదువుకొని పైకి వచ్చిన పిమ్మట ఆ సాయమును మరచువారు కొందరు. సాయము చేసినవారికి కృతజ్ఞత తెలిపి, అంతటితో తమ ఋణము తీరినదని తలచువారు మరికొందరు. తాము పొందిన మేలును తమ వెనుక వచ్చువారికి అందించినగాని ఋణము తీరదని నమ్మువారు బహు కొలదిమంది. అట్టివారిలో లూసీ డిగ్స్ స్లో ఒకతె. ఆమె అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఒక పేద నల్లజాతి కుటుంబమున పుట్టి, విద్యార్థివేతనముతో విశ్వవిద్యాలయమున ప్రవేశించి, తుదకు ఆ విశ్వవిద్యాలయముననే విద్యార్థినులందరికిని పెద్దదిక్కయి నిలిచెను.

లూసీ 1885 ప్రాంతమున జూలై 4వ తేదీన వర్జీనియా రాష్ట్రమందలి బెర్రీవిల్ అను చిన్న ఊరిలో జన్మించెను. జూలై 4వ తేది అమెరికనులకు స్వాతంత్ర్యదినము. కాని ఆ స్వాతంత్ర్యఫలము ఆమె జాతివారికి పూర్తిగా దక్కలేదు. 1865లో బానిసత్వము చట్టరీత్యా రద్దయినను, దక్షిణ రాష్ట్రములలో నల్లవారు తక్కువవారుగనే చూడబడుచుండిరి. వారి పాఠశాలలు వేరు. వారికి దొరకు ఉద్యోగములు తక్కువ. లభించు గౌరవము అంతకన్న తక్కువ. అందులోను ఆడపిల్లల సంగతి చెప్పనక్కరలేదు.

ఏడుగురు సంతానములో కడగొట్టు బిడ్డ లూసీ. ఆమెకు ఊహ తెలియకముందే తండ్రి మరణించెను. కొలది సంవత్సరములకే తల్లియు కన్నుమూసెను. తల్లిదండ్రులు లేని ఆ పసిపిల్లను మేనత్త మార్తా ప్రైస్ చేరదీసి, లెక్సింగ్టను పట్టణమున తన యింట పెంచెను. మేనత్త క్రమశిక్షణ గల స్త్రీ. పిల్లలకు ఆస్తి ఈయలేకపోయినను చదువు ఈయవలెనని ఆమె పట్టుదల. లెక్సింగ్టనులో నల్లవారి బిడ్డలకు మంచి చదువు దొరకదని గ్రహించి, లూసీకి పదుమూడేండ్ల ప్రాయమున కుటుంబముతో మేరీలాండు రాష్ట్రమందలి బాల్టిమోర్ నగరమునకు తరలిపోయెను. పిల్లల చదువుకొరకు ఉన్న ఊరిని విడిచిన ఆ మేనత్త త్యాగమే లూసీకి లభించిన మొదటి విద్యాదానమని చెప్పవచ్చును.

బాల్టిమోరులో నల్లజాతి బాలబాలికల కొరకు ఒక ఉన్నత పాఠశాల గలదు. లూసీ అందు శ్రద్ధగా చదివి 1904లో తరగతియందు రెండవ స్థానమున ఉత్తీర్ణురాలయ్యెను. వాషింగ్టను నగరమందలి హోవర్డు విశ్వవిద్యాలయమున చదువుటకు ఆమెకు విద్యార్థివేతనము లభించెను. ఆ పాఠశాలనుండి అట్టి వేతనము పొందిన తొలి బాలిక ఆమెయే. హోవర్డు విశ్వవిద్యాలయము 1867లో స్థాపింపబడినది. బానిసత్వమునుండి విడుదలయైన జాతికి ఉపాధ్యాయులను, వైద్యులను, న్యాయవాదులను తయారుచేసిన మహావిద్యాలయమది.

విద్యార్థివేతనము దొరకినంతమాత్రమున కష్టములన్నియు తీరలేదు. తక్కిన ఖర్చులకు లూసీ పనిచేసి సంపాదించుకొనవలసి వచ్చెను. మన దేశమున పూర్వము పేద విద్యార్థులు వారములు చేసికొని చదువుకొన్నట్లే, ఆమెయు ఒక చేత పుస్తకము, మరియొక చేత పని పట్టుకొని చదువు సాగించెను. అట్లయినను ఆమె పుస్తకములకే అంటుకొనిపోలేదు. ఆటలలోను, సభలలోను, సంగీతమునందును పాల్గొనుచు తోడి విద్యార్థినులకు నాయకురాలయ్యెను.

ఆనాడు హోవర్డులో బాలికల సంఖ్య స్వల్పము. ఇంటికి దూరముగా వచ్చిన ఆ కొలదిమందికి ఒకరికొకరు తోడు కావలెను గదా! అమెరికా కళాశాలలలో 1870 ప్రాంతమునుండి విద్యార్థినులు గ్రీకు అక్షరముల పేర్లతో సంఘములు ఏర్పరచుకొనుచుండిరి. వీనిని సోరారిటీలందురు. లాటిను భాషలో సోరార్ అనగా సోదరి. కావున సోరారిటీ యనగా సోదరీసంఘము. కాని తెల్లవారి సంఘములలో నల్లజాతి బాలికలకు ప్రవేశము లేదు. హోవర్డు విద్యార్థినియైన ఎథెల్ హెడ్జిమన్‌కు తమకొక సోదరీసంఘము ఉండవలెనన్న తలంపు కలిగెను. లూసీయు, మరి కొందరును ఆమెతో చేరిరి. ఇట్లు తొమ్మిదిమంది కలిసి 1908 జనవరి 15వ తేదీన ఆల్ఫా కప్పా ఆల్ఫా అను సంఘమును స్థాపించిరి. నల్లజాతి కళాశాల విద్యార్థినులు స్థాపించుకొన్న మొట్టమొదటి సోదరీసంఘము ఇదియే. దాని నియమావళిని రచించుటలో లూసీ ముఖ్యపాత్ర వహించెను. తొలి అధ్యక్షురాలుగను ఎన్నికయ్యెను.

ఈ సంఘము వినోదమునకు మాత్రమే పుట్టినది కాదు. చదువులో ఉన్నత ప్రమాణము నిలుపుకొనుట, తోటి స్త్రీలకు తోడ్పడుట దాని ఆశయములు. కళాశాలను విడిచినను సభ్యత్వము విడువదు. పట్టము పుచ్చుకొన్నవారు ఏ ఊరికి పోయిన ఆ ఊర శాఖగా కూడి, తమ ఆర్జనలో కొంత తీసి పేద బాలికల చదువునకు ఒసగుట ఆచారమయ్యెను. 1913లో డెల్టా సిగ్మా తీటా, 1920లో జీటా ఫై బీటా అను సోదరీసంఘములును హోవర్డులోనే వెలసెను. అవియు ఈ మార్గముననే నడిచెను.

లూసీ 1908లో తన తరగతిలో ప్రథమురాలై పట్టము పొందెను. వెంటనే బాల్టిమోరునకు మరలిపోయి, ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు ఉపాధ్యాయినిగా చేరెను. వేసవి సెలవులలో న్యూయార్కు నగరమందలి కొలంబియా విశ్వవిద్యాలయమునకు పోయి చదివి 1915లో ఎం.ఏ. పట్టము సాధించెను. తరువాత వాషింగ్టనులో ఉపాధ్యాయినిగా పనిచేసెను.

ఆమె గొప్ప టెన్నిసు క్రీడాకారిణి కూడ. తెల్లవారి టెన్నిసు పోటీలలో నల్లవారికి చోటు లేనందున, వారు 1916లో అమెరికన్ టెన్నిస్ అసోసియేషను అను సంస్థను స్థాపించుకొనిరి. 1917లో బాల్టిమోరున జరిగిన దాని తొలి జాతీయ పోటీలో స్త్రీల విజేతగా నిలిచినది లూసీ. అప్పటికి ఆమె ముప్పదియేండ్లు దాటిన ఉపాధ్యాయిని. ఆడపిల్లకు చదువెంతయో ఆటయు అంతే యవసరమని ఆమె మాటలతో గాక చేతలతో చూపెను.

1919లో వాషింగ్టను అధికారులు నల్లజాతి పిల్లలకొరకు తొలి జూనియర్ హైస్కూలును తెరచి, దానికి లూసీని ప్రిన్సిపాలుగా నియమించిరి. ఆమె బడిని క్రమపద్ధతిలో నడపుటయే గాక, ఉపాధ్యాయులు క్రొత్త బోధనా పద్ధతులు నేర్చుకొనుటకు కొలంబియా విశ్వవిద్యాలయ సహాయముతో ప్రత్యేక తరగతులు ఏర్పాటు చేయించెను. ఈ పని ఆమె కీర్తిని పెంచెను. 1922లో హోవర్డు విశ్వవిద్యాలయము ఆమెను విద్యార్థినుల డీనుగా ఆహ్వానించెను. పదునెనిమిది సంవత్సరముల క్రిందట విద్యార్థివేతనముతో ఏ ద్వారమున లోనికి వచ్చెనో, ఆ ద్వారముననే ఇప్పుడు ఆమె అధికారిణిగా ప్రవేశించెను.

ఆహ్వానము రాగానే ఆమె పొంగిపోయి ఒప్పుకొనలేదు. విద్యార్థినులకు సంబంధించిన విషయములన్నిటను తన మాట చెల్లవలెననియు, తనకు ఆచార్యపదవికి తగిన గౌరవము, వేతనము ఉండవలెననియు, విశ్వవిద్యాలయ ఆవరణలో కాపురముండవలెనను నిర్బంధము ఉండరాదనియు ముందుగనే షరతులు విధించి, అంగీకారము పొందిన పిమ్మటనే పదవిని స్వీకరించెను. ఆనాటి అనేక కళాశాలలలో విద్యార్థినుల డీను అనగా బాలికలను కనిపెట్టియుండు కావలిమనిషి యని అభిప్రాయము. లూసీ దానిని అంగీకరింపలేదు. కళాశాలకు వచ్చిన బాలిక చంటిబిడ్డ కాదనియు, తన మంచిచెడ్డలు తానే నిర్ణయించుకొను శక్తిని ఆమెకు నేర్పుటయే విద్య యనియు ఆమె నమ్మకము. బాలికలు ఉపాధ్యాయవృత్తితోనే తృప్తిపడక అర్థశాస్త్రము, రాజనీతి మొదలగు శాస్త్రములు చదివి, మారుచున్న లోకమున నిలబడగలుగవలెనని ఆమె బోధించెను. 1933లో ఒక విద్యాపత్రికయందు ఈ విషయములపై విపులమైన వ్యాసము వ్రాసెను.

ఫీజు సొమ్ము చేతికిచ్చినంతనే ఆడపిల్ల చదువు సాగదని లూసీ స్వానుభవమున నెరుగును. విద్యార్థివేతనము ద్వారము తెరచును. కాని లోపల నిలుచుటకు చోటుండవలెను. భద్రమైన వసతి, ఆదరించు పెద్దలు, మాట్లాడుకొనుటకు తోటివారు, గౌరవముగ చూచు గురువులు – ఇవి లేనిచో తెరచిన ద్వారముననే బాలిక వెనుదిరిగి పోవును. అందువలన ఆమె వసతిగృహములకొరకు సంవత్సరముల తరబడి పోరాడెను. తుదకు 1931లో విద్యార్థినులకొరకు మూడు క్రొత్త భవనములు వెలసెను. పూర్వ విద్యార్థినులు, నేటి విద్యార్థినులు కలిసికొనునట్లు ఏటేట స్త్రీల విందును ఏర్పాటు చేసెను. నాటకకర్త్రి, ఉపాధ్యాయిని యగు తన నెచ్చెలి మేరీ బరిల్‌తో కలిసి ఆమె నగరమున నివసించుచుండెను. ఆ యింటి తోట విద్యార్థినులకు పుట్టినిల్లువలె నుండెడిది.

ఆమె దృష్టి హోవర్డుతో ఆగలేదు. నల్లజాతి పట్టభద్ర స్త్రీలు 1923లో ఏర్పరచుకొన్న జాతీయ సంఘమునకు ఆమె తొలి అధ్యక్షురాలయ్యెను. 1935లో సుప్రసిద్ధ విద్యావేత్త్రి మేరీ మెక్లియోడ్ బెథ్యూన్ నల్లజాతి స్త్రీల జాతీయ మండలిని స్థాపించినపుడు, ఆమెకు చేదోడుగా నిలిచినవారిలో లూసీ ఒకతె.

ఇట్టి సేవకు ప్రతిఫలముగా ఆమెకు సుఖము దక్కలేదు. కాలక్రమమున విశ్వవిద్యాలయాధికారులకును ఆమెకును విభేదములు పెరిగెను. పురుషులైన డీనులకున్న స్థానము, వేతనము ఆమెకు లేకపోయెను. 1930 తరువాత దేశమును ఆవరించిన ఆర్థికమాంద్యమున పొదుపు పేర ఆమె శాఖకు కోతలు పడెను. ఆమె తన యింటిని విడిచి ఆవరణలో నివసింపవలెనని అధికారులు ఒత్తిడి తెచ్చిరి. లూసీ తొలినాటి షరతులను జ్ఞప్తిచేసి ధైర్యముగా ఎదిరించెను. స్త్రీ కనుకనే తనను తక్కువచేయుచున్నారని ఆమె గ్రహించెను. తాను తలవంచినచో, స్త్రీలు తలవంచవలసినవారే యని తన విద్యార్థినులు నేర్చుకొందురని ఆమె భయము. పదవిని వదలి సుఖముగా నుండుట సులభము. కాని ఆమె వదలలేదు. అనారోగ్యము క్రుంగదీయుచున్నను పదవిలోనే కొనసాగి, 1937 అక్టోబరు 21వ తేదీన పరమపదించెను.

ఆమె మరణానంతరము వాషింగ్టను నగరమున ఒక ప్రాథమిక పాఠశాలకు ఆమె పేరు పెట్టిరి. రెండవ ప్రపంచయుద్ధకాలమున ప్రభుత్వోద్యోగములకై వచ్చిన నల్లజాతి స్త్రీలకొరకు కట్టిన వసతిగృహమునకును ఆమె పేరే ఉంచిరి. బాలికల వసతికొరకు పోరాడిన ఆమెకు అంతకన్న తగిన స్మారకచిహ్నము వేరొకటి యుండునా?

అయినను ఆమె నిజమైన స్మారకము ఇటుకలతో కట్టినది కాదు. ఆమె తోడి విద్యార్థినులతో నాటిన సోదరీసంఘము వటవృక్షమై పెరిగెను. ఆ సంఘ సభ్యురాండ్రు 1980లో విద్యాభివృద్ధికై ప్రత్యేకముగా ఒక ధర్మసంస్థను నెలకొల్పిరి. దాని విధానము తెలిసికొనదగినది. సంఘ సభ్యురాలొకతె మరణించినచో, ఆమె కుటుంబమువారుగాని, శాఖవారుగాని కొంత సొమ్ము పోగుచేసి ఆమె పేర శాశ్వతనిధిని ఏర్పరచుదురు. అసలు సొమ్మును కదల్పరు. దానిపై వచ్చు ఆదాయమును యోగ్యులైన విద్యార్థులకు ఒసగుదురు. ఇది స్మారక విద్యార్థివేతనము. జీవించియున్న పెద్దల సేవను గుర్తించి వారి పేర ఏర్పరచునది గౌరవ విద్యార్థివేతనము. దుఃఖమున నున్న కుటుంబము పుష్పగుచ్ఛములతో సరిపెట్టక, పోయినవారి పేర మరియొక బిడ్డకు చదువు చెప్పించుట ఎంత ఉదాత్తమైన కార్యము! మన పెద్దలు పోయినవారి పేర చలివేంద్రములు, సత్రములు పెట్టించిరి. ఇది విద్యాతృష్ణను తీర్చు చలివేంద్రము.

అట్టి వేతనమును పుచ్చుకొను విద్యార్థి దానిని బిచ్చమని సిగ్గుపడనక్కరలేదు. తన ప్రతిభకు దక్కిన బహుమానమని గర్వపడనును రాదు. ముందు నడచినవారు వెనుక వచ్చువారికొరకు దారిలో ఉంచిపోయిన దీపమది. దాని వెలుగున నడచి, నూనె పోసి, మరల అచటనే ఉంచి పోవలెను. తల్లిదండ్రులు లేని లూసీ మేనత్త యిచ్చిన చదువుతో, విద్యార్థివేతనపు ఊతతో ఎదిగి, తన జీవితమంతయు ఆ దీపమున నూనె పోసెను. విద్యాఋణమును తీర్చు విధానమిదియే.