దారి కాచినవారే దారికి కాపు
సర్ రాబర్ట్ శాండమన్ జీవితము

ఈ శతవార్షిక సంచికలో సంఘమునకు సేవచేసిన పెద్దల జీవితములు పాఠకులు అనేకము చదువుతారు. మేము మాత్రము కొండదారిలో ఆయుష్షు గడిపిన ఒక ప్రభుత్వోద్యోగి జీవితమును ఎన్నుకున్నాము. తగవులాడుకొనే ఇరుపక్షముల మధ్య కూర్చొని రాజీ కుదుర్చుట మన సంఘములకు కొత్త పని కాదు. ఆ పనివలన కలిగే మేలు ఎంతటిదో, అందులోని చిక్కు ఎటువంటిదో ఈయన జీవితము చక్కగా చూపుతుంది.

రాబర్ట్ గ్రోవ్స్ శాండమన్ 1835 ఫిబ్రవరి 25న స్కాట్లాండులోని పెర్త్ పట్టణములో జన్మించారు. తండ్రి మనదేశములో కంపెనీ సైన్యమునకు చెందిన అధికారి. కుమారుడు పెర్త్‌లోను, సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయములోను చదువుకొని, 1856లో బెంగాలు పటాలములో చేరారు. మరుసటి యేడే సిపాయిల తిరుగుబాటు వచ్చినది. లక్నో పోరులో ఆయన తీవ్రముగా గాయపడ్డారు. తరువాత సర్ జాన్ లారెన్స్ ఆయనను సైన్యము నుండి పంజాబు పరిపాలనలోనికి తీసుకున్నారు. 1866లో డేరా ఘాజీఖాన్ జిల్లాకు డిప్యూటీ కమిషనరు అయ్యారు.

ఆ జిల్లాకు ఒకవైపు సింధునది, మరొకవైపు సులేమాన్ కొండలు. కొండలలో మఱ్ఱీ, బుగ్టీ మొదలైన బలూచీ తెగలవారు ఉండేవారు. అదను చూచి మైదానము మీదికి దిగి, పశువులను తోలుకొనిపోవుట వారికి పరిపాటి. సర్కారు అధికారులు ఎల్లదాటి కొండలలోనికి పోరాదని అప్పటి పంజాబు ప్రభుత్వపు కట్టడి. దొంగ దిగివస్తే కొట్టాలి, లేకుంటే అతని ముఖము చూడరాదు. ఎవరితో వైరమో వారి పేర్లు కూడ సరిగా తెలియని పరిపాలన అది.

1867లో కొండవారి దండు ఒకటి హర్రండ్ వద్ద మైదానము మీద పడి, ఓడి, అనేకులను పోగొట్టుకొన్నది. కొందరు చెరపట్టబడ్డారు. శాండమన్ ఆ చెరవారిని ఆధారము చేసికొని వారి పెద్దలను మాటలకు పిలిపించారు. కొద్దిమంది కొండవారిని సర్కారు జీతమిచ్చి రౌతులుగా పెట్టుకున్నారు. పిదప మైదానపు బలూచీ సర్దారులను వెంటబెట్టుకొని, పటాలము లేకుండ, తానే కొండలలోనికి వెళ్ళారు. వారిలో మజారీ తెగ పెద్ద ఇమామ్ బక్ష్ ఖాన్ ముఖ్యుడు. తరువాత అనేక తగవులలో ఆయన మాటసాయమే శాండమన్‌కు కొండంత అండ అయినది. లాలా హిత్తూరామ్ అను మనదేశపు ఉద్యోగి కూడ ఈ పనులలో శాండమన్‌కు కుడిభుజముగా ఉండెడివారు. దొరల చరిత్రలలో ఇట్టివారి పేర్లు వెనుకబడిపోవుట కద్దు. అందుచేతనే మేము ఇక్కడ ప్రత్యేకముగా చెప్పుచున్నాము.

ఇక బోలాన్ కనుమ సంగతి. నేటి పాకిస్తానులోని బలూచిస్తానములో, సిబి మైదానము నుండి క్వెట్టా వైపు ఎక్కే ఇరుకైన కొండదారి అది. పొడవు సుమారు 90 కిలోమీటర్లు. కాందహారు నుండి సింధుకు వచ్చే ఒంటెల బిడారులకు అదే ముఖ్యమైన బాట. గుర్రములు, ఉన్ని, ఎండుపండ్లు క్రిందికి దిగేవి. నూలుబట్టలు, నీలిమందు పైకి ఎక్కేవి. ఈ దారి కలాత్ ఖాన్ ఏలుబడిలోనిది. 1854 నాటి ఒడంబడిక ప్రకారము బ్రిటిషువారు ఖాన్‌కు ఏటా 50,000 రూపాయలు ఇవ్వాలి. ఆయన దోపిడీలను అరికట్టి, వర్తకులను కాపాడాలి.

కాగితము మీద బాగుగానే ఉన్నది. కాని 1857లో గద్దెనెక్కిన ఖుదాదాద్ ఖాన్‌కు, ఆయన క్రింది బ్రాహుయీ, బలూచీ సర్దారులకు ఏండ్ల తరబడి పోరు నడిచింది. సర్దారుల హక్కులను ఖాన్ లాగుకొన్నాడని వారి ఫిర్యాదు. సర్దారులు తిరుగుబాటుదారులని ఖాన్ ఫిర్యాదు. ఇద్దరి నడుమ నలిగినవాడు ఒంటెను తోలుకొనిపోయే వర్తకుడు. 1873లో బ్రిటిషువారు కలాత్ నుండి తమ ప్రతినిధిని వెనుకకు పిలిపించి, ఖాన్‌కు ఇచ్చే సొమ్ము కూడ నిలిపివేశారు. దానితో దారి బాగుపడలేదు.

సొంత సర్కారులోనే మరొక తగవు ఉన్నది. సింధు బొంబాయి ప్రభుత్వము క్రిందిది. డేరా ఘాజీఖాన్ పంజాబుది. ఖాన్ రాజు గనుక ఆయనతోనే మాటలాడాలి, సర్దారులతో మనకు పనిలేదని సింధు కమిషనరు సర్ విలియం మెరివెదర్ వాదము. దారి పొడవునా కాపురమున్నవారు సర్దారుల మనుష్యులు, వారిని పిలువకుండ దారిని ఎట్లు కాపాడగలమని శాండమన్ వాదము. 1871లో మిఠన్‌కోట్‌లో అధికారులందరు సభచేసినా ఆ భేదము తీరలేదు.

1875 నవంబరులో శాండమన్ బలూచీ సర్దారులతో కలిసి కలాత్‌కు మొదటి రాయబారము వెళ్ళారు. ఖాన్‌ను చూచారు, ఎదిరిపక్షపు సర్దారులను చూచారు, ఇరువురి మాట విన్నారు. కాని ఆయన తిరిగివచ్చు సమయములోనే బోలాన్‌లో ఒక బిడారు మీద దాడి జరిగినది. రాయబారము వ్యర్థమన్నవారికి ఇంతకంటె ఏమి కావలెను? అయినను భారత ప్రభుత్వము 1876 ఏప్రిల్‌లో ఆయననే మరల పంపినది. ఈసారి వేసవి నడిమి వరకు ఆయన ఆ కొండలలోనే నిలిచారు. ఆ సంవత్సరము జూలైలో మస్తుంగ్ వద్ద ఖాన్, సర్దారులు ఒకే దర్బారులో కూర్చొని ఒడంబడికకు ఒప్పుకొన్నారు. సర్దారుల పాత హక్కులు వారికి దక్కాయి, వారు ఖాన్‌కు విధేయత ఒప్పుకొన్నారు. బోలాన్ తెరువబడినది. డిసెంబరు 8న జాకోబాబాదులో వైస్రాయి లార్డ్ లిట్టన్ ఖాన్‌తో కొత్త సంధి చేసికొని, ఏటా ఇచ్చే సొమ్మును లక్ష రూపాయలు చేశారు. బదులుగా బ్రిటిషు సైన్యము క్వెట్టాలో ఉండుటకు, రైలు, తంతి వేయుటకు హక్కు పొందారు. 1877 ఫిబ్రవరిలో శాండమన్ బలూచిస్తానమునకు గవర్నరు జనరలు ప్రతినిధిగా నియమింపబడ్డారు. జీవితాంతము ఆ పదవిలోనే ఉన్నారు.

ఆయన పద్ధతి చెప్పుటకు సులభము. ఏ తెగ నేలమీదుగా దారి పోవునో ఆ తెగవారినే జీతమిచ్చి కావలి పెట్టాలి. ఆ నేలమీద దొంగతనము జరిగితే జాడ తీసి సొత్తు అప్పగించు బాధ్యత ఆ తెగదే. తగవు వస్తే ఊరుపేరు తెలియని చట్టము కాక, పెద్దలు కూడిన జిర్గా వారి ఆచారము ప్రకారము తీర్పు చెప్పాలి. 1883లో బోలాన్ సుంకములకు బదులు ఖాన్‌కు ఏటా 30,000 రూపాయలు ఇచ్చి, వర్తకుని మీద దారి పొడవునా పడే భారమును కూడ తొలగించారు. దారి కాచి దోచినవాడే ఇప్పుడు దారికి కాపు. దోచుటలో లేని గౌరవము కాచుటలో దొరికినది.

అయితే ఒక మనిషి జీవితము వ్రాయునప్పుడు ఒక వైపే చూపుట న్యాయము కాదు. శాండమన్ పనిచేసినది ఒక సామ్రాజ్యమునకు. బోలాన్ దారి వర్తకునికి ఎంత అవసరమో, ఆఫ్ఘను యుద్ధమునకు పోవు సైన్యమునకు అంత అవసరమైనది. 1880లో మైవాండ్‌లో బ్రిటిషువారు ఓడిన తరువాత మఱ్ఱీలు రైలు పనుల వద్దనుండి మరలుతున్న జట్టు మీద పడి ధనము దోచారు. అప్పుడు మాటలు కాదు, మెక్‌గ్రెగర్ క్రింద పటాలమే వారి కొండలలోనికి వెళ్ళినది. జీతములు సర్దారుల చేతిమీదుగా పోయినందున సర్దారులు బలపడ్డారు. వారి క్రింది సామాన్యుని మొర వినుటకు మరొక ద్వారము లేకపోయినది. శాండమన్ సహాయకుడు బ్రూస్ ఇదే పద్ధతిని వజీరిస్తానములో పెట్టిచూచారు. అక్కడి మహ్సూదులలో అందరు తలవంచే సర్దారులు లేరు. 1893లో, హంతకులను సర్కారుకు అప్పగించిన పెద్దలు తమవారి చేతనే చంపబడ్డారు. డబ్బు ఇచ్చినంత మాత్రాన మాట నిలబడదు. ఆ మాటను తమదిగా ఎంచుకొన్న జనము ఉండాలి.

1892 జనవరిలో శాండమన్ లాస్ బేలా సంస్థానమునకు వెళ్ళారు. అక్కడి జాముకు, ఆయన కుమారునికి పొసగలేదు. తండ్రీకొడుకులను కలుపవలెనని, బిడారులకు కొత్తదారి తెరువవలెనని ఆయన కోరిక. అక్కడనే జబ్బుపడి, జనవరి 29న, యాబదియేడవ యేడు నిండకముందే కన్నుమూశారు. జాము ఆయన సమాధిమీద గుమ్మటము కట్టించాడు. ఒక తెగవు తీర్చబోయి పరాయి ఊరిలో మరణించిన దొరకు, ఆ ఊరి ఏలిక కట్టించిన సమాధి అది.

బోలాన్‌లో ఈనాడు రైలు నడుస్తున్నది. అయినను 2025 మార్చి 11న క్వెట్టా నుండి పెషావరు పోయే జాఫర్ ఎక్స్‌ప్రెస్‌ను సాయుధులైన బలూచీ వేర్పాటువాదులు ఆ ప్రాంతములోనే ఆపి, వందలాది ప్రయాణికులను బందీలుగా పట్టుకొన్నారు, పలువురు ప్రాణములు కోల్పోయారు. దారి పాతదే, తగవు కొత్తది. శాండమన్ చేసినదంతా సరియని మేము అనజాలము. కాని ఎదుటివాడు ఎందుకు దారి కాచుచున్నాడో తెలిసికొనుటకు ఆయన కొండ ఎక్కి అతని ముంగిట కూర్చున్నారు. మన ఊళ్ళలో, మన సంఘములలో, మన ఇండ్లలో మూసివేయబడిన దారులు ఎన్ని యున్నవో మనకు తెలుసును. వాటిని తెరువగోరువారు ఆ ముంగిట నుండియే మొదలుపెట్టాలని మా మనవి.