వై.ఎస్.రాజశేఖరరెడ్డి

డా. యెడుగూరి సందింటి రాజశేఖరరెడ్డి (జూలై 8, 1949 - సెప్టెంబర్ 2, 2009) ఆంధ్రప్రదేశ్ పూర్వ ముఖ్యమంత్రి, కాంగ్రెస్ నాయకుడు. వృత్తిరీత్యా వైద్యుడు. వై.ఎస్.ఆర్. గా సుప్రసిద్ధుడు. పేదల పెద్ద చికిత్సల ఖర్చును ప్రభుత్వమే చెల్లించే ఆరోగ్యశ్రీ పథకం ఇతని హయాంలో ప్రారంభమైంది.

బాల్యము, విద్య

రాజశేఖరరెడ్డి కడప జిల్లా జమ్మలమడుగులో రాజారెడ్డి, జయమ్మ దంపతులకు జన్మించాడు. కుటుంబం పులివెందులలో స్థిరపడింది. బళ్ళారిలో పాఠశాల విద్య, విజయవాడ లయోలా కళాశాలలో పై చదువు సాగాయి. గుల్బర్గాలోని ఎం.ఆర్. వైద్య కళాశాలలో ఎం.బి.బి.ఎస్. పూర్తిచేసి, తిరుపతి ఎస్.వి. వైద్య కళాశాలలో హౌస్ సర్జన్‌గా పనిచేశాడు.

వైద్య వృత్తి

కొంతకాలం జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో వైద్యాధికారిగా పనిచేశాడు. 1973లో తండ్రి పేరిట పులివెందులలో 70 పడకల ధర్మాసుపత్రిని నెలకొల్పాడు. అయితే గుండె, మెదడు, క్యాన్సర్ వంటి జబ్బులకు ఈ ప్రాంతీయులు దూరపు నగరాలకు వెళ్ళవలసి వచ్చేది. ఆ ఖర్చుకు పొలమో, నగలో అమ్ముకొనడం, వడ్డీకి అప్పు చేయడం పేదలకు తప్పేది కాదు.

రాజకీయ జీవితం

1978లో పులివెందుల నుండి తొలిసారి శాసనసభకు ఎన్నికయ్యాడు. మొత్తం ఆరుసార్లు శాసనసభకు, నాలుగుసార్లు కడప నుండి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. 1980-83 మధ్య రాష్ట్ర మంత్రిగా ఉన్నాడు. 2003లో చేవెళ్ళ నుండి ఇచ్ఛాపురం వరకు పాదయాత్ర చేశాడు. 2004 మే 14న ముఖ్యమంత్రి అయ్యాడు. 2005లో 108 అంబులెన్సు సేవలు మొదలయ్యాయి.

ఆరోగ్యశ్రీ

అంతకుముందు పెద్ద చికిత్స అవసరమైన పేదవారు ముఖ్యమంత్రి సహాయనిధికి అర్జీ పెట్టుకొనేవారు. సహాయం దయగా కాక హక్కుగా అందాలనే ఉద్దేశంతో 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో ఈ పథకం ఆరంభమైంది. 2008 నాటికి రాష్ట్రమంతటికీ విస్తరించింది. తెల్లరేషన్ కార్డు గల కుటుంబానికి ఏడాదికి 2 లక్షల రూపాయల వరకు ఉచిత చికిత్స లభించేది. ప్రీమియం మొత్తాన్ని ప్రభుత్వమే చెల్లించేది. 2008లో చేర్చిన చికిత్సలకు బీమా సంస్థ ప్రమేయం లేకుండా ఆరోగ్యశ్రీ ట్రస్టు నేరుగా ఆసుపత్రులకు డబ్బు చెల్లించింది. రోగులకు దారి చూపడానికి ఆసుపత్రులలో ఆరోగ్యమిత్రలను నియమించారు.

చెల్లించేది ఒక్కరే అయినప్పుడు ప్రతి చికిత్సకు ముందే ధర నిర్ణయించవచ్చును, ఆరోగ్యవంతుల సొమ్ము రోగులకు ఆసరా అవుతుంది. కెనడాలో 1962లో సస్కాచువాన్ రాష్ట్రం ఈ సూత్రంపైనే వైద్య బీమా ప్రవేశపెట్టింది. అక్కడ అది పౌరులందరికీ వర్తించగా, ఆరోగ్యశ్రీ కార్డుదారులకే పరిమితమైంది.

విమర్శలు

నిధులలో అధికభాగం ప్రైవేటు ఆసుపత్రులకు చేరుతున్నదనీ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, ప్రభుత్వ ఆసుపత్రులు బలహీనపడతాయనీ విమర్శలు వచ్చాయి. జ్వరాలు, మధుమేహం వంటి నిత్యరోగాలకు మందుల ఖర్చు కుటుంబాలపైనే మిగిలింది. బకాయిల చెల్లింపులో జాప్యంపై ఆసుపత్రులు తరువాతి ప్రభుత్వాల కాలంలో పలుమార్లు నిరసన తెలిపాయి.

మరణం, అనంతరం

2009 మేలో రెండవసారి ముఖ్యమంత్రి అయిన రాజశేఖరరెడ్డి, అదే ఏడాది సెప్టెంబర్ 2న నల్లమల అడవులలో జరిగిన హెలికాప్టర్ ప్రమాదంలో మరణించాడు. పాపఘ్ని నది కొండలను చీల్చుకొని పారే గండి క్షేత్రానికి సమీపంలోని ఇడుపులపాయలో ఇతని సమాధి ఉన్నది.

2014లో రాష్ట్ర విభజన తరువాత తెలంగాణలో ఈ పథకం ఆరోగ్యశ్రీ పేరుతోనే కొనసాగింది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వాలు మారినపుడల్లా ఎన్.టి.ఆర్. వైద్య సేవ అనీ, వై.ఎస్.ఆర్. ఆరోగ్యశ్రీ అనీ పేరు మారింది. 2024లో మరల ఎన్.టి.ఆర్. వైద్య సేవ అయినది. పేరు మారినా పథకాన్ని ఏ ప్రభుత్వమూ రద్దు చేయలేదు.