నలభై ఐదో ఏట సుబ్బారావు గారు

పోయినేడాది మా టీమ్‌ మొత్తాన్ని తీసేసినప్పుడు నాకు 46 ఏళ్లు. హెచ్‌1బీ కాబట్టి 60 రోజుల్లో ఇంకో ఉద్యోగం వెతుక్కోవాలి. నాకంటే ఇరవై ఏళ్లు చిన్న కుర్రాడు చేసిన ఇంటర్వ్యూ ఒకటి ముగించుకుని న్యూజెర్సీలోని ఇంటికి తిరిగొస్తుంటే, సరిహద్దు దగ్గర పెర్ల్‌ రివర్‌ బోర్డు కనిపించింది. కారు అటు తిప్పాను. యల్లాప్రగడ సుబ్బారావు గారు కొత్త జీవితం మొదలుపెట్టిన ఊరది.

1895లో భీమవరంలో పుట్టిన ఆయన మెట్రిక్‌ మూడోసారి గానీ గట్టెక్కలేదు. స్ప్రూ అనే పేగుల జబ్బు ఇద్దరు సోదరులను కొద్ది రోజుల తేడాతో తీసుకుపోయింది. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు గౌను తొడుక్కుని ఆపరేషన్‌ గదిలోకి వెళ్లినందుకు ప్రొఫెసరు దొరకు కోపమొచ్చి, ఎంబీబీఎస్‌కు బదులు ఎల్‌ఎంఎస్‌తో సరిపెట్టారు. బోస్టన్‌ చేరాక ఆ చిన్న డిగ్రీ అక్కరకు రాలేదు. రాత్రిళ్లు ఆసుపత్రిలో రోగుల బెడ్‌పాన్లు కడిగి పొట్టపోసుకున్నారు.

హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి ఆయన రూపొందించిన ఫాస్ఫరస్‌ పరీక్ష నేటికీ వాళ్లిద్దరి పేరుతోనే ఉంది. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్‌, ఏటీపీల మీదా పని చేశారు. 1930లో పీహెచ్‌డీ వచ్చింది. శాశ్వత పదవి మాత్రం రాలేదు.

1940లో, 45 ఏళ్ల వయసులో, హార్వర్డ్‌ వదిలి పెర్ల్‌ రివర్‌లోని లెడర్లే మందుల కంపెనీకి వచ్చేశారు. అప్పట్లో యూనివర్సిటీ వాళ్ల కళ్లకు అది మెట్టు దిగడమే. మనకు తెలిసిన సుబ్బారావు గారు అసలు తయారైంది ఇక్కడే. పరిశోధన విభాగానికి పెద్దయ్యారు. ఆయన బృందం ఫోలిక్‌ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను చంపిన స్ప్రూలో వచ్చే రక్తహీనతకు అదే మందయింది! బోదకాలుకు హెట్రజాన్‌ వచ్చింది. యూనివర్సిటీలో రిటైరైన, డెబ్బై దాటిన డగ్గర్‌ను పిలిచి పనిలో పెట్టుకున్నారు. ఆ పెద్దాయనే ఆరియోమైసిన్‌ కనిపెట్టాడు. సుబ్బారావు గారి ప్రయోగశాల పంపిన అమినోప్టెరిన్‌తో బోస్టన్‌లో డాక్టర్‌ ఫార్బర్‌ రక్తక్యాన్సర్‌ పిల్లలకు, కొంతకాలమే అయినా, ఊపిరి పోశారు. ఆ ఫలితాలు 1948 జూన్‌లో అచ్చయ్యాయి. ఆగస్టులో సుబ్బారావు గారు పోయారు, 53 ఏళ్లకే.

నోబెల్‌ రాలేదని మనవాళ్లు వాపోతుంటారు. నాకది పెద్దగా పట్టదు. మింగుడుపడనిది వేరే ఉంది. వెళ్లేటప్పుడు గర్భవతిగా ఉన్న భార్య శేషగిరి గారిని ఊళ్లో వదిలి వచ్చారాయన. పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు, తండ్రి వాణ్ణి చూడనే లేదు. మళ్లీ ఇండియా మొహం చూడలేదు.

చీకటి పడ్డాక ఇల్లు చేరి ఇదంతా చెబితే, మా ఆవిడ ఇంటర్వ్యూ సంగతి అడగలేదు. శేషగిరి గారు ఎన్నాళ్లు ఎదురుచూశారని మాత్రం అడిగింది. లెక్కేసి చెప్పాను, పాతికేళ్లని.