గ్రంథాలయ మిత్రుడు సర్ థామస్ బాడ్లీ

రాజులు కట్టించిన కోటలు కూలిపోవుటయు, ధనికులు కూడబెట్టిన సొమ్ము చెదరిపోవుటయు మనము చరిత్రలో తరచుగా చదువుచుందుము. పుస్తకశాలలకును అట్టి దురవస్థలు కలుగుచుండును. ఇంగ్లండు దేశమున ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయపు గ్రంథాలయ మొకప్పుడు పుస్తకములు పోయి, బల్లలును పోయి, నలువది యేండ్లకు పైగా వట్టి గదియై పడియుండెను. రాచకొలువు విడిచి యింటికి వచ్చిన యొక పెద్దమనుష్యుడు దానిని మరల నిలువబెట్టెను. ఆయనయే సర్ థామస్ బాడ్లీ. ఆ గ్రంథాలయము నేడు బాడ్లియను గ్రంథాలయమని ఆయన పేరుననే వెలయుచున్నది. దానిని నిలువబెట్టుటకు ధనము కావలసివచ్చెను. ధనముకంటె నెక్కువగా మిత్రులు కావలసివచ్చిరి. ఈ సంగతి మా చదువరులకు తెలియవలెనని ఆయన చరిత్రమును ఇచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

బాడ్లీ 1545వ సంవత్సరము మార్చి 2వ తేదీని ఎక్సెటరు పట్టణమున జన్మించెను. తండ్రి జాన్ బాడ్లీ వర్తకుడు, ప్రొటెస్టంటు మతస్థుడు. 1553లో మేరీ రాణి సింహాసన మెక్కినపిదప ఆ మతస్థులకు స్వదేశమున నిలుచుట కష్టమయ్యెను. జాన్ బాడ్లీ తన కుటుంబముతో దేశము విడిచి, జర్మనీలో కొంతకాలముండి, 1557లో జెనీవా నగరము చేరెను. అప్పటికి థామసు పండ్రెండేండ్ల బాలుడు. పరదేశవాసము ఆ బాలునికి చదువు చెడగొట్టలేదు. పైగా మంచి చదువు చెప్పించెను. జెనీవాలో ఆయన హీబ్రూ, గ్రీకు భాషల నభ్యసించెను. కాల్విను మొదలగు ప్రసిద్ధపండితుల యుపన్యాసములను వినెను. చిన్ననాట నేర్చిన యీ భాషలు తరువాత ఆయన కెట్లుపకరించెనో ముందు చూచెదము.

ఎలిజబెత్తు రాణి పట్టమునకు వచ్చిన తరువాత కుటుంబము స్వదేశమునకు తిరిగివచ్చెను. బాడ్లీ ఆక్స్‌ఫర్డులోని మాడ్లెను కళాశాలలో చేరి 1563లో పట్టము పొందెను. మరుసటి యేడు మెర్టను కళాశాలలో సభ్యుడుగా నెన్నుకొనబడి, అచ్చట గ్రీకు భాషను బోధించెను. విశ్వవిద్యాలయమున ఇతర పదవులను గూడ నిర్వహించెను. అయినను ఆయన మనస్సు గ్రంథములతోనే తృప్తిపడలేదు. 1576లో యూరపు ఖండమున సంచారమునకు బయలుదేరి, నాలుగేండ్లు తిరిగి, ఇటాలియను, ఫ్రెంచి, స్పానిషు భాషలను నేర్చుకొని వచ్చెను.

1586లో బాడ్లీ ఆన్ బాల్ అను సంపన్నురాలగు వితంతువును వివాహమాడెను. ఈమె మొదటి భర్త చేపల వ్యాపారమున చాల ధనము గడించినవాడు. ఆ ధనములో చాల భాగము పిమ్మట గ్రంథాలయమునకు చేరుటచే, సముద్రపు చేపలు ఆక్స్‌ఫర్డు పండితులకు పుస్తకములైనవని చెప్పినను తప్పుకాదు.

రాణి ఈయనను డెన్మార్కునకును, జర్మను ప్రభువులయొద్దకును, 1588లో రహస్యకార్యముపై ఫ్రాన్సు రాజునొద్దకును పంపెను. అటుపిమ్మట హాలెండు దేశమందలి హేగు నగరమున ఇంచుమించు పది సంవత్సరము లుండి ఇంగ్లండు పక్షమున రాజకార్యములను నడిపెను. ఆ కాలమున రాణి కొలువులో ఎసెక్సు ప్రభువునకును, సెసిలు వంశమువారికిని పోరు సాగుచుండెను. ఎసెక్సు బాడ్లీని రాజ్యకార్యదర్శిగా నియమింపవలెనని యెల్లరియెదుట పొగడుచుండగా, ఆ పొగడ్తయే సెసిలులకు అనుమానము పుట్టించెను. ఇరుపక్షముల నడుమ నలిగి, ఉన్నతపదవి దొరకకపోగా, 1597లో బాడ్లీ స్వదేశమునకు వచ్చి రాచకొలువు విడిచిపెట్టెను. పిదప మరల పిలిచినను పోలేదు. అప్పటికి ఆయనకు ఏబదిరెండేండ్లు. అట్టి సమయమున అనేకులు తమకు జరిగిన యన్యాయమును తలచుకొనుచు శేషజీవితము గడుపుదురు. బాడ్లీ అట్లు చేయక, తాను చేయదగిన మేలేదియని వెదకెను.

ఆక్స్‌ఫర్డులో దివ్యజ్ఞాన పాఠశాలపై నొక పెద్ద గది గలదు. 15వ శతాబ్దమున గ్లాస్టరు ప్రభువైన హంఫ్రీ ఆ విశ్వవిద్యాలయమునకు 280కి పైగా వ్రాతప్రతులను దానమిచ్చెను. వానిని ఉంచుటకై కట్టిన గది 1488లో పూర్తియయ్యెను. కాని ఆరవ యెడ్వర్డు రాజు కాలమున, 1550 ప్రాంతమున, రాజప్రతినిధులు పాతమతపు గ్రంథములను తొలగించు నెపమున దానిని దోచివేసిరి. పుస్తకములు లేని గదిలో బల్లలెందుకని 1556లో విశ్వవిద్యాలయమువారు వానినిగూడ అమ్మివేసిరి. బాడ్లీ విద్యార్థియై యుండిన దినములన్నియు ఈ వట్టి గదిని చూచుచునే గడచెను.

1598 ఫిబ్రవరి 23వ తేదీని బాడ్లీ వైస్ ఛాన్సలరుకు లేఖ వ్రాసి, ఆ గదిని తన ఖర్చుతో బాగుచేయించి, బల్లలమర్చి, పుస్తకములతో నింపుటకు సిద్ధముగా నున్నానని తెలిపెను. విశ్వవిద్యాలయమువారు సంతోషముతో నంగీకరించిరి. ఇట్టి కార్యమునకు తనకు నాలుగు సాధనములు గలవని ఆయన తన స్వీయచరిత్రమున చెప్పుకొనెను: అనేకభాషల జ్ఞానము, కొంత ధనము, గౌరవనీయులగు మిత్రులు, తీరిక. ఈ నాలుగింటిలో ఏ యొక్కటి లేకున్నను పని సాగదని ఆయన యెరుగును. మొదటి రెండును, నాలుగవదియు ఆయనకు స్వంతము. మూడవదానికి మాత్రము ఇతరుల తలుపు తట్టవలెను. ఒకప్పుడు రాజుల తలుపులు తట్టిన రాయబారి ఇప్పుడు పుస్తకములకొరకు స్నేహితుల తలుపులు తట్టెను.

ఆయన యాచించిన విధానము గమనింపదగినది. చర్మపత్రములతో నొక పెద్ద పుస్తకము చేయించి, దాతలపేర్లను, వారిచ్చిన గ్రంథముల పేర్లను అందు వ్రాయించి, వచ్చినవారందరు చూచునట్లు గ్రంథాలయముననే యుంచెను. పేరు నిలుచుననిన పిసినారియు చేయి చాచునని ఆయనకు తెలియును. బక్‌హర్స్టు ప్రభువు 100 పౌనులును, సర్ వాల్టర్ రాలీ 50 పౌనులును ఇచ్చిరి. ఎసెక్సు ప్రభువు పోర్చుగల్లులో నొక బిషప్పు గ్రంథాలయమునుండి యుద్ధమున కొల్లగొని తెచ్చిన పుస్తకముల నిచ్చెను. దానములన్నియు నిర్మలములు కావని దీనివలన తెలియుచున్నది. బాడ్లీ పుట్టిన ఎక్సెటరు పట్టణపు పెద్ద దేవాలయమువారు 81 ప్రాచీన వ్రాతప్రతులను పంపిరి. సొమ్ము ఇచ్చినవారి సొమ్ముతో పుస్తకములు కొనుటకు జాన్ బిల్ అను లండను పుస్తకవర్తకుడు ఇటలీ, ఫ్రాన్సు, స్పెయిను మొదలగు దేశములు తిరిగెను. ఇంగ్లండులో చదువగలవా రొక్కరును లేని చైనాభాషా గ్రంథములను సైతము బాడ్లీ సేకరించెను. నేడు చదువువారు లేకున్నను రేపు పుట్టుదురని ఆయన నమ్మకము. ఆ నమ్మకము తరువాత ఫలించెను.

1602 నవంబరు 8వ తేదీని సుమారు 2,000 గ్రంథములతో గ్రంథాలయము తెరువబడెను. థామస్ జేమ్స్ అను పండితుడు మొదటి గ్రంథాలయాధికారి యయ్యెను. గ్రంథాలయాధికారి బ్రహ్మచారియై యుండవలెనని బాడ్లీ నియమము. సంసారపు చిక్కులు పుస్తకములకు హాని చేయునని ఆయన భయము. కాని జేమ్స్ వివాహమాడ దలచెను. బాడ్లీ మొదట ఒప్పుకొనక, జేమ్స్ వంటి పనివాడు మరల దొరకడని తలచి, తుదకు ఆ యొక్కనికి మాత్రము అనుమతి నిచ్చెను. 1605లో జేమ్స్ కూర్చిన గ్రంథములపట్టిక అచ్చయ్యెను. 1610లో ఆయన సలహాననుసరించియే బాడ్లీ లండను నగరపు స్టేషనర్సు సంఘమువారితో నొక ఒడంబడిక చేసికొనెను. దానిప్రకారము ఆ సంఘసభ్యులు అచ్చువేయు ప్రతి పుస్తకమునందును ఒక ప్రతిని గ్రంథాలయమునకు ఉచితముగా నీయవలెను. దేశమున అచ్చగు పుస్తకము లెల్ల ఒకచోట చేరవలెనను పద్ధతికి ఇంగ్లండులో ఇదియే మొదలు.

బాడ్లీ నియమములు కఠినములు. పెద్ద పుస్తకములు గొలుసులతో బల్లలకు కట్టబడియుండెను. దీపముగాని నిప్పుగాని లోనికి తేరాదు. కావున రెండువందల యేండ్లకు పైగా పండితులు శీతకాలమున చలికి వణకుచు చదివిరి. ఏ పుస్తకమును ఎవ్వరికిని బయటికి ఎరువియ్యరాదు. 1645లో మొదటి చార్లెసు రాజు ఒక పుస్తకము కోరగా, గ్రంథాలయాధికారి నియమపత్రమును చూపెను. రాజు నియమమును మన్నించి ఊరకుండెను. 1654లో క్రాంవెలు అడిగినప్పుడును ఇదే జవాబు వచ్చెను. రాజునకును, రాజును కూలద్రోసిన వానికిని ఒకే నియమము వర్తించెను.

1604లో జేమ్సు రాజు బాడ్లీకి సర్ బిరుదమునిచ్చెను. గ్రంథాలయమును స్వయముగా చూచినప్పుడు, తాను బందీ కావలసివచ్చినచో ఇచ్చటనే బందీయై యుండుటకు ఇష్టపడుదునని ఆ రాజు అనెనట. 1611లో బాడ్లీ భార్య మరణించెను. వారికి సంతానము లేదు. 1613 జనవరి 28వ తేదీని ఆయనయు కాలధర్మము నొందెను. మెర్టను కళాశాల దేవాలయమున సమాధి చేయబడెను. సమాధి జరిగిన మరునాడే గ్రంథాలయము ప్రక్కన క్రొత్త పాఠశాలా భవనములకు పునాది పడెను. తన యాస్తిలో అధికభాగమును గ్రంథాలయమునకే వ్రాసియిచ్చి, బంధువులను, చిరకాలము కొలిచిన సేవకులను చాలినంతగా తలచలేదని ఆ కాలమున కొందరు నిందించిరి. ఆ నింద పూర్తిగా నిరాధారమని మేము చెప్పజాలము.

ఆయన చేసిన తప్పు మరియొకటి కలదు. నాటకములు, పంచాంగములు, దినదినము అచ్చగు చిల్లర పుస్తకములు తన గ్రంథాలయమునకు తగవనియు, వానిని చేర్చినచో అపకీర్తి వచ్చుననియు ఆయన జేమ్స్‌కు గట్టిగా వ్రాసెను. ఆయన కాలమున షేక్స్‌పియరు లండనులో నాటకములు వ్రాయుచుండెను! ఆయన పోయిన పది సంవత్సరములకు, 1623లో, షేక్స్‌పియరు నాటకముల మొదటి పెద్ద సంపుటము అచ్చయ్యెను. స్టేషనర్ల ఒడంబడిక చేత ఒక ప్రతి గ్రంథాలయమునకు వచ్చి, గొలుసు వేయబడెను. కాని 1664 ప్రాంతమున క్రొత్త ముద్రణము వచ్చుటతో, పాతది అనవసరమని తలచి, మరికొన్ని మిగులు పుస్తకములతో కలిపి మొత్తము 24 పౌనులకు అమ్మివేసిరి. తరువాత రెండువందల నలువది యేండ్లు దాని జాడ లేదు.

1905లో ఒక యువకుడు తన యింటనున్న పాత పుస్తకమునకు మరమ్మతు సలహా నడుగుటకై దానిని బాడ్లియనుకు తెచ్చెను. అట్టకట్టిన తీరును, గొలుసు వేసిన గుర్తును చూచి అచ్చటివారు నిర్ఘాంతపోయిరి. అది తమ పుస్తకమే! ఇంతలో అమెరికాలోని యొక ధనికుడు 3,000 పౌనులకు దానిని కొందుననెను. అంతవరకు బాడ్లియను ఒక పుస్తకమునకు అంతటి మూల్యమును ఎన్నడు నీయలేదు. గ్రంథాలయమువారు పత్రికలద్వారా ఆక్స్‌ఫర్డు పట్టభద్రులను, ప్రజలను సహాయము కోరిరి. కొందరు ఎక్కువగాను, పెక్కుమంది కొద్దికొద్దిగాను పంపిరి. 1906లో ఆ సొమ్ము పూర్తికాగా పుస్తకము తన యింటికి తిరిగివచ్చెను. స్థాపకుని తప్పును, అధికారుల తప్పును గ్రంథాలయ మిత్రులు దిద్దిరి.

1925లో ఇట్టి సహాయకులకొక స్థిరమైన సంఘ మేర్పడెను. దానిపేరు బాడ్లియను మిత్రసంఘము. సభ్యులు చందాలిచ్చుటయు, ఆ సొమ్ముతో అరుదైన గ్రంథములను గ్రంథాలయమునకు సమకూర్చుటయు, గ్రంథములనుగూర్చి యుపన్యాసములను జరుపుటయు దాని పని. అటుపిమ్మట ఎన్నో కళాశాలలలో ఇట్టి మిత్రసంఘములు పుట్టి, గ్రంథకర్తలను పిలిపించి ఊరివారియెదుట మాటలాడించుచున్నవి. నాలుగు వందల యేండ్లకు ముందు బాడ్లీ ఇంటింట తిరిగి చేసిన పనినే వీరు సంఘముగా చేయుచున్నారు. 2,000 గ్రంథములతో మొదలైన ఆ గ్రంథాలయమున నేడు ఒక కోటి ముప్పది లక్షలకు పైగా అచ్చుపుస్తకములును, ఇతర వస్తువులును గలవు.

మా చదువరులలో బాలురును, వారి తలిదండ్రులును గలరు. బాడ్లీవలె ధనవంతులు మనలో నరుదు. కాని 1906లో కొద్దిపాటి చందా పంపినవారు ధనవంతులు కారు. వారి పేర్లను మన మెరుగము. వారు లేనిచో ఆ పుస్తకము సముద్రము దాటిపోయి యుండెడిది. చదివిన పుస్తకము నలుగకుండ తిరిగి యిచ్చువాడును, ఇంట మూలబడిన మంచి పుస్తకమును పాఠశాలకు తెచ్చిచ్చువాడును, గ్రంథకర్త యొకడు ఊరికి వచ్చినప్పుడు పనిమాని వచ్చి వినువాడును గ్రంథాలయమునకు మిత్రులే. పనికిరాదని మన మీనాడు పారవేయు పుస్తకము రేపు ఎవ్వరికి ప్రాణమగునో మనకు తెలియదు. కావున ఏదైన నొక పుస్తకమును త్రోసివేయుటకు ముందు సర్ థామస్ బాడ్లీ పొరపాటును, దానిని దిద్దిన పేరులేని మిత్రులను ఒక్కమారు తలచుకొనవలెనని మా మనవి.